పెద్ద కుక్కకి బయట ఫొటో: ఎండ చాలా, ఫ్లాష్ కొనాలా?

ఇంట్లో ల్యాబో (లాబ్రడార్), జర్మన్ షెపర్డో, రాట్‌వీలరో ఉండి, చేతిలో ఓ మాదిరి కెమెరా ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. బయట తీసిన ఫొటోల్లో కుక్క మొహం నల్లగా పడుతుంది, వెనకాల ఆకాశం తెల్లగా పోతుంది, కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తుంది. ఫ్లాష్ కొంటే ఇది సర్దుకుంటుందా? లేక పొద్దున్నే లేచి వెళ్తే ఆ డబ్బు మిగులుతుందా? విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తీసేవాళ్ళ కోసం రాస్తున్నాను. చల్లటి దేశాల వాళ్ళు చెప్పే వెలుగు సలహాలు మన ఎండలకి సగానికి సగం సరిపోవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెల్లవారాక మొదటి గంటన్నర మీకు దొరికితే ఫ్లాష్ అవసరం చాలా తక్కువ. ఒక రిఫ్లెక్టరు (వెలుగుని తిప్పికొట్టే పలక), అది పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు. సాయంత్రాలు తప్ప కుదరని వాళ్ళకీ, వెనకాల ఆకాశం రంగు కూడా నిలవాలనుకునే వాళ్ళకీ, నల్ల కుక్క ఉన్నవాళ్ళలో కొందరికీ ఫ్లాష్ పనికొస్తుంది. పొద్దుండగా కూడా వాడేందుకు కొంటే మాత్రం పక్కన నిలబెట్టే గట్టి ఫ్లాషే కొనండి. మధ్యరకంతో మొదలుపెట్టి ఏడాది తిరక్కుండా రెండోది కొన్నవాళ్ళని చాలామందిని చూశాను.

ముందు మన ఎండ సంగతి

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో పన్నెండింటికి కుక్క నీడ దాని కడుపు కిందే ముద్దగా పడి ఉంటుంది. వీపు మీద బొచ్చు తెల్లగా మెరుస్తుంది, నుదుటి నీడ కళ్ళ మీద పడుతుంది, కాళ్ళు చీకట్లో కలిసిపోతాయి. సరిగ్గా ఆ రోజులే కానక్కర్లేదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పొద్దున తొమ్మిదిన్నర దాటితే పరిస్థితి ఇంచుమించు ఇదే.

వేసవిలో ఫొటో కంటే ముందు చూసుకోవాల్సింది కుక్క ఆరోగ్యం. దానికి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే ఒళ్ళు చల్లబరుచుకునే ముఖ్యమైన దారి. సెయింట్ బెర్నార్డ్, హస్కీ లాంటి ఒత్తు బొచ్చు జాతులు ఇంకా త్వరగా అలసిపోతాయి. తారు రోడ్డు మీదో, సిమెంటు గచ్చు మీదో మీ చేతి వెనక వైపు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా కాలతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి "మధ్యాహ్నమే వెళ్దాం, ఫ్లాష్‌తో మేనేజ్ చేద్దాం" అనే ఆలోచన వేసవిలో పూర్తిగా మానుకోండి. నీడలు సర్దుకుంటాయేమో గానీ వడదెబ్బ తగిలితే కుక్క ప్రాణం మీదకి వస్తుంది.

మరి మంచి టైము ఎంతసేపు? జూన్‌లో మనకి సూర్యోదయం సుమారు 5:35కి, డిసెంబరు మధ్యలో 6:30 ప్రాంతంలో. మన దగ్గర సూర్యుడు నిటారుగా పైకెక్కుతాడు, గంటకి 12 నుంచి 14 డిగ్రీలు. అందుకే నీరెండ ఎక్కువసేపు నిలవదు. వేసవిలో ఏడు, ఏడుంబావుకే అయిపోతుంది. చలికాలంలో ఎనిమిది దాటాక కూడా కాసేపు ఉంటుంది. సాయంత్రం అయితే డిసెంబరులో 5:35కే పొద్దు కుంకుతుంది. ఆ తర్వాత పాతిక నిమిషాలు తిరక్కుండా చీకటి పడుతుంది. ఆఫీసు నుంచి ఆరింటికి ఇంటికొచ్చేవాళ్ళకి చలికాలంలో పని రోజుల్లో సాయంత్రం వెలుగన్నదే దొరకదు. ఫ్లాష్ విషయం సీరియస్‌గా ఆలోచించాల్సింది వాళ్ళే.

కుక్క పెద్దదైతే మారే లెక్కలు

చిన్న పొమరేనియన్‌కి పనిచేసిన సెట్టింగు గ్రేట్ డేన్‌కి పనిచెయ్యదు. మగ గ్రేట్ డేన్ భుజం దగ్గరే 76 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ముక్కు కొస నుంచి కంటి దాకా దూరం ఎక్కువ, మెడ నుంచి తోక దాకా ఇంకా ఎక్కువ. ఈ పొడవు వల్ల రెండు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది ఫోకస్. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరా మీద 85 ఎంఎం లెన్సు పెట్టి, కుక్కకి రెండు మీటర్ల దూరంలో కూర్చుని, ఎఫ్1.8 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) దగ్గర తీస్తే క్లియర్‌గా పడేది దాదాపు ఆరు సెంటీమీటర్ల మందం మాత్రమే. కన్ను స్పష్టంగా వస్తుంది, ముక్కు మసకబారుతుంది. మూతి పొడుగ్గా ఉన్న కుక్క ఎదురుగా చూస్తున్నప్పుడు ఆ మసక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎఫ్4 పెడితే మందం 13 సెంటీమీటర్లవుతుంది, ఎఫ్5.6 పెడితే 18 దాటుతుంది. నేను పెద్ద కుక్కల క్లోజప్పులకి ఎఫ్4 కంటే కిందకి దిగను. కానీ ఎఫ్1.8 నుంచి ఎఫ్4కి వెళ్తే లోపలికొచ్చే వెలుగు దాదాపు ఐదో వంతుకి పడిపోతుంది. తెల్లవారుజామున, పొద్దు కుంకేటప్పుడు ఆ లోటు బాగా తెలుస్తుంది.

రెండోది ఫ్లాష్ దూరం. ఫ్లాష్ వెలుగు దూరంతో పాటు వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. తల వైపు ఒక మీటరు దూరంలో ఫ్లాష్ పెట్టారనుకోండి, తోక రెండు మీటర్ల దూరంలో ఉంది. తల సరిగ్గా పడితే తోక వైపు రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) చీకటిగా పడుతుంది. అదే ఫ్లాష్‌ని తలకి మూడు మీటర్లు వెనక్కి జరిపితే తోక నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. తలకి అందిన దాంట్లో సగం పైనే తోకకీ అందుతుంది, తేడా ఒక స్టాపు కూడా ఉండదు. ఒళ్ళంతా సమానంగా కనిపించాలంటే ఫ్లాష్ దూరంగా ఉండాలి, దూరంగా ఉండాలంటే బలం కావాలి. పెద్ద కుక్కలు తీసేవాళ్ళు చిన్న ఫ్లాష్ కొని నిరాశపడేది ఇక్కడే.

సూర్యుడితో ఈ గొడవ లేదు. ముక్కుకీ తోకకీ ఒకే వెలుగు పడుతుంది. నిలువెత్తు ఫొటో, పరిగెత్తే ఫొటో ఏదైనా సహజమైన వెలుగులోనే తీయమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పరిగెత్తే కుక్కకి 1/1000 సెకను షట్టరు కనీసం కావాలి, 1/2000 ఉంటే నిశ్చింత. నీరెండలో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే తీవ్రత) కాస్త పెంచితే అది దొరుకుతుంది.

నీడ, అట్ట: ఖర్చు లేని దారి

ఫ్లాష్ గురించి అడిగిన ప్రతివాళ్ళకీ ముందు ఇది చేసి చూడమంటాను. చెట్టు నీడ అంచు దగ్గర, ఎండ మొదలయ్యే గీతకి ఒకటి రెండు అడుగులు లోపల కుక్కని కూర్చోబెట్టండి. దాని మొహం బయటి ఆకాశం వైపు ఉండాలి. ఇప్పుడు దాని కన్ను దగ్గరగా చూడండి. నల్లటి గుండ్రం పైభాగంలో ఆకాశం తెల్లటి వంపులా కనిపిస్తుంది, దాని కింద చెట్ల వరస సన్నటి చారలా ఉంటుంది. కుక్క కంటికి ప్రాణం పోసేది ఆ తెల్లటి వంపే. అది లేకపోతే ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా కళ్ళు గాజు పూసల్లా ఉంటాయి. అదే కుక్కని పది అడుగులు లోపలికి, చెట్టు మొదలు దగ్గరికి తీసుకెళ్తే వంపు మాయమవుతుంది, పైగా ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ఒళ్ళంతా పడతాయి. ఆ మచ్చల్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు.

నూజివీడు వైపు మామిడి తోటలకి వెళ్ళేవాళ్ళు ఈ అంచు సంగతి గుర్తుపెట్టుకోవాలి. తోట లోపల చల్లగా హాయిగా ఉంటుంది కానీ వెలుగు పచ్చగా, మచ్చలుగా ఉంటుంది. తోట గట్టు మీద తీస్తే మాత్రం చాలా బాగుంటుంది.

కింద నుంచి మొహానికి కాస్త వెలుగు కావాలంటే ఫ్లెక్సీ షాపుల్లో దొరికే తెల్ల సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) ముక్క సరిపోతుంది. మూడడుగులకి నాలుగడుగులు కోయించుకోండి. థర్మోకోల్ కూడా పనిచేస్తుంది గానీ గాలికి విరుగుతుంది, పైగా రాసుకున్నప్పుడు వచ్చే కీచు శబ్దం కుక్కలకి నచ్చదు. మడతపెట్టే ఐదు రంగుల రిఫ్లెక్టరు రెండు వేల లోపే దొరుకుతుంది, బండి మీద తీసుకెళ్ళడం తేలిక. కానీ అది ఒక్కసారిగా టపీమని విచ్చుకుంటే కుక్క బెదిరిపోతుంది. కుక్కని తీసుకురాకముందే విప్పి ఉంచండి, వచ్చాక కాసేపు వాసన చూడనివ్వండి. వెండి వైపు వాడొద్దు, ఎండ సూటిగా కళ్ళలోకి కొట్టి కుక్క కళ్ళు మూసేస్తుంది. తెల్ల వైపు చాలు.

ఒక్క హెచ్చరిక. నేల కూడా రిఫ్లెక్టరే. తెల్ల కుక్కని పచ్చటి గడ్డి మీద ఎండలో కూర్చోబెడితే గడ్డం కింద, ఛాతీ మీద ఆకుపచ్చ రంగు ఎక్కుతుంది. గుంటూరు వైపు మిరప కల్లాల్లో ఎర్రటి నేల చూడగానే ఫొటో తీయాలనిపిస్తుంది, అది సహజమే. కానీ అక్కడ కుక్క వద్దు. కాయల ఘాటుకి మనకే తుమ్ములు ఆగవు. మనకంటే ఎన్నో రెట్లు సున్నితమైన దాని ముక్కుకీ కళ్ళకీ ఆ దుమ్ము నరకం. పైగా కాయల ఎరుపు కడుపు మీద కొట్టి బొచ్చు రంగే మారిపోతుంది.

ఫ్లాషుల్లో ఏది

కెమెరాలోనే ఉండే ఫ్లాష్, కెమెరా నెత్తిన పెట్టే ఫ్లాష్, ఈ రెంటినీ నేరుగా కుక్క మీదకి కొట్టడం నేను ఎవరికీ సిఫార్సు చెయ్యను. కుక్క కంటి లోపల రెటీనా వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, దాని పేరు టపీటం లూసిడం. తక్కువ వెలుగులోనూ చూడగలగడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. ఫ్లాష్ లెన్సుకి దగ్గరగా ఉన్నప్పుడు లోపలికెళ్ళిన వెలుగు అదే దారిలో వెనక్కి వచ్చి కళ్ళు ఆకుపచ్చగానో పసుప్పచ్చగానో మండినట్టు కనిపిస్తాయి. మనుషుల కోసం పెట్టిన రెడ్ ఐ సెట్టింగు దీనికి సరిగా పనిచెయ్యదు. పట్టపగలు కంటిపాప చిన్నదై ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. మసక పడేకొద్దీ పెరుగుతుంది, అంటే సరిగ్గా ఫ్లాష్ అవసరమైన టైములోనే. ఫ్లాష్‌ని లెన్సుకి దూరంగా, పక్కకి, కాస్త ఎత్తుకి తీసుకెళ్తే సమస్య పోతుంది. అంతేకాదు, ఎదురుగా కొట్టిన వెలుగులో బొచ్చు అంతా ఒకే పలకలా కనిపిస్తుంది, పక్క నుంచి వస్తే పాయపాయకీ నీడ పడి మెత్తదనం తెలుస్తుంది.

పక్కన పెట్టే ఫ్లాష్ అన్నాక రెండు దారులున్నాయి. మామూలు స్పీడ్‌లైట్‌ని (కెమెరా నెత్తిన పెట్టే చిన్న ఫ్లాష్) ట్రిగ్గరుతో (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించే పరికరం) వాడటం ఒకటి. గోడాక్స్ ఏడీ200 లాంటి 200 వాట్ సెకండ్ల (ఫ్లాష్ బలానికి కొలత) బ్యాటరీ ఫ్లాష్ తీసుకోవడం రెండోది. ఖరీదులో తేడా మూడు నాలుగు రెట్లు ఉంటుంది, అందుకే చాలామంది మొదటిదాని వైపు మొగ్గుతారు. మీ అవసరం పొద్దు కుంకిన తర్వాతే అయితే మొదటిది నిజంగానే చాలు. ఎండ ఉన్నప్పుడు కూడా వాడాలంటే ఈ లెక్క చూసుకోండి.

నిండు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్16, 1/100 సెకను సరైన ఎక్స్‌పోజరు (ఫొటోలో పడే వెలుగు మోతాదు). చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో మామూలుగా వెళ్ళగలిగే షట్టరు 1/200, కొన్నిట్లో 1/250. అంటే ఎఫ్11 దగ్గర ఇరుక్కుపోతారు. వెనకాల చెట్లు, కరెంటు స్తంభాలు, నిలబడి చూసేవాళ్ళు అందరూ స్పష్టంగా పడతారు. ఎఫ్4 కావాలంటే షట్టరు 1/1600కి వెళ్ళాలి, దానికి హై స్పీడ్ సింక్ కావాలి. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాకుండా చిన్న చిన్న మెరుపుల వరసగా వెలుగుతుంది, ఆ క్రమంలో బలం బాగా పోతుంది. షట్టరు రెట్టింపు చేసినకొద్దీ ఇంకో స్టాపు పోతుంది. స్పీడ్‌లైట్‌కి సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే తెల్ల గుడ్డ పెట్టె) తగిలించి, మూడు మీటర్ల దూరంలో పెట్టి, హై స్పీడ్ సింక్‌లో ఎండతో పోటీకి పంపితే వెలిగిందో లేదో ఫొటోలో తెలియదు. పైగా వరసగా కొడితే వేడెక్కి ఆగిపోతుంది, మన ఉక్కలో ఇంకా త్వరగా. 200 వాట్ సెకండ్ల ఫ్లాష్‌కి కూడా నడి ఎండ కష్టమే గానీ, సాయంత్రం నాలుగున్నర ఎండని మాత్రం అది బాగానే తట్టుకుంటుంది.

హై స్పీడ్ సింక్ బదులు లెన్సుకి ఎన్‌డీ8 ఫిల్టరు (వెలుగుని తగ్గించే నల్లటి అద్దం) పెట్టుకోవచ్చు. అది వెలుగుని మూడు స్టాపులు తగ్గిస్తుంది కాబట్టి 1/200 దగ్గరే ఎఫ్4 దొరుకుతుంది. అయితే ఫ్లాష్ వెలుగు కూడా అంతే తగ్గుతుంది కాబట్టి బలం లెక్క ఎఫ్11 దగ్గర ఉన్నట్టే ఉంటుంది, హై స్పీడ్ సింక్‌లో పోయే బలం, వేడెక్కే బాధ మాత్రం తప్పుతాయి. ఫోకస్ చీకట్లో తడుముకుంటుంది. కూర్చోమంటే కూర్చునే కుక్కకి ఇది బాగుంటుంది, నిలవని కుక్కకి పనికిరాదు.

సాఫ్ట్‌బాక్స్ సైజు గురించి రెండు ముక్కలు. 60 సెంటీమీటర్లది తల, ఛాతీ వరకు బాగుంటుంది. ల్యాబ్ నిలువెత్తు ఫొటోకే అది చాలదు, డేన్‌కి అసలు చాలదు. కానీ కృష్ణ ఒడ్డున గాలికి 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ స్టాండు మీద నిలవదు. నేను చెప్పేదల్లా, స్టాండు మానేసి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు కర్ర) కొసకి ఫ్లాష్ బిగించి ఒక మనిషి చేతికివ్వండి. యాభై కిలోల కుక్క లీషుతో స్టాండుని చుట్టేసి ఒక్క గుంజు గుంజితే ఫ్లాషూ పోతుంది, కుక్కా జన్మలో మళ్ళీ ఫ్లాష్ దగ్గరికి రాదు.

ఎల్‌ఈడీ లైట్లు కూడా అడుగుతున్నారు. ఎండలో అవి దండగ. పొద్దు కుంకాక మాత్రం పిరికి కుక్కలకి చాలా మంచివి, మెరుపు ఉండదు కాబట్టి రెండు నిమిషాల్లో అలవాటు పడతాయి. పరిగెత్తే ఫొటోలకి బలం చాలదు.

నల్ల కుక్క, తెల్ల కుక్క

ఫ్లాష్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది నల్ల కుక్కల యజమానులే. అయినా వాళ్ళకే నేను ఆగమని చెప్తాను. రాట్‌వీలర్, డాబర్‌మన్, నల్ల ల్యాబ్ బొచ్చు పొట్టిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. అలాంటి ఒంటి మీద మనకి కనిపించే ఆకారం చాలావరకు దానిలో ప్రతిఫలించే వెలుగే. చిన్న ఫ్లాష్ కొడితే భుజం మీద, నెత్తి మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి, మిగతా ఒళ్ళు చీకటిగానే ఉంటుంది. బలం పెంచితే చుక్కలు ఇంకా తెల్లబడతాయి తప్ప నలుపులో వివరం రాదు.

తాడేపల్లి దగ్గర ఒక తోటలో మూడేళ్ళ రాట్‌వీలర్‌ని తీస్తుంటే దాని యజమానికి ఇదే చూపించాను. "ఏవండీ, ఫ్లాష్ పవర్ పెంచితే సరిపోదా?" అన్నారాయన. పెంచి తీశాం. భుజం మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడింది, మెడ కింద మాత్రం ఏమీ కనపడలేదు. అప్పుడు ఫ్లాష్ ఆపేసి, కారు మీద కప్పే తెల్ల గుడ్డని ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఎండలో నిలబెట్టారు. కుక్క పక్కన, నీడలో ఉంది. ఆ గుడ్డ వెడల్పంతా దాని పక్కటెముకల మీద పొడుగాటి లేత బూడిద రంగు పట్టీలా దిగింది. కండ ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ లోపలికి పోయిందో, మెడ దగ్గర బొచ్చు ఏ వైపు తిరిగిందో అన్నీ తెలిశాయి. కనుబొమ్మల మీది గోధుమ రంగు చుక్కలు కూడా వేరుగా నిలిచాయి. నల్ల కుక్కకి కావాల్సింది పెద్ద వెలుగు. మబ్బు పట్టిన ఆకాశం అన్నిటికంటే పెద్దది, అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా ముసురు లేని మబ్బు రోజులు నల్ల కుక్కలకి శుభ ముహూర్తాలు. ఫ్లాషే వాడాలంటే దాన్ని కుక్క మీదకి కాకుండా అలాంటి పెద్ద తెల్ల గుడ్డ మీదకో, తెల్ల గోడ మీదకో కొట్టి, తిరిగొచ్చే వెలుగు వాడండి.

ఎక్స్‌పోజరు విషయంలో కూడా నల్ల కుక్క దగ్గర గందరగోళం ఉంది. ఫ్రేమంతా కుక్కే నిండితే కెమెరా నలుపుని బూడిద చెయ్యాలని చూస్తుంది, కాబట్టి మైనస్ వైపు అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించాలి. అదే కుక్క ఫ్రేములో చిన్నదిగా ఉండి వెనక ఆకాశమో నదో ఎక్కువగా ఉంటే కెమెరా ఆ వెలుగుకి భయపడి కుక్కని మరీ నల్లగా చేస్తుంది, అప్పుడు ప్లస్ వైపు వెళ్ళాలి. ఫ్లాష్ టీటీఎల్ (ఫ్లాష్ బలాన్ని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) కూడా ఇలాగే మోసపోతుంది. కుక్క ఒకే చోట కూర్చునేదైతే మాన్యువల్ పెట్టుకోవడం మేలు.

తెల్ల కుక్కలకి, ఉదాహరణకి తమిళనాడు రాజపాళయానికి, ఫ్లాష్ దాదాపు అవసరమే లేదు. ఎండలో వీపు వెంటనే తెల్లగా పోతుంది, కాబట్టి నీడలోకి తీసుకెళ్ళి, ఎక్కువ తెలుపు ఉన్న చోట వివరం పోకుండా చూసుకుంటే చాలు. గోల్డెన్ రిట్రీవర్ లాంటి పొడుగు బొచ్చు కుక్కల వెనక నీరెండ ఉంచండి. చెవుల అంచులు, తోక కుచ్చు బంగారు గీతలా వెలుగుతాయి. మొహానికి ముందు నుంచి సన్‌బోర్డు పట్టండి. ఈ ఒక్క ఫొటో కోసం పొద్దున్నే ఐదింటికి లేవొచ్చని మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

కుక్క స్వభావం

దీపావళికి మంచం కింద దూరే కుక్క మీ ఇంట్లో ఉంటే ఫ్లాష్ గురించి రెండుసార్లు ఆలోచించండి. ఎక్కువ పవరులో ఫ్లాష్ వెలిగినప్పుడు టప్ మని చిన్న శబ్దం వస్తుంది, ఛార్జి ఎక్కాక బీప్ కొడుతుంది. బీప్‌ని మెనూలోకి వెళ్ళి ఆపెయ్యండి. అలవాటు చెయ్యడానికి ముందు పది మీటర్ల దూరంలో, తక్కువ పవరులో, వేరే వైపు తిప్పి వెలిగించండి. వెలిగిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టండి. చెవులు వెనక్కి వాల్చడం, పెదాలు నాక్కోవడం, పక్కకి తల తిప్పేసుకోవడం కనిపిస్తే ఆ రోజుకి ఫ్లాష్ కట్టెయ్యండి. మూర్ఛ వచ్చే కుక్కకి డాక్టరుగారిని అడక్కుండా ఫ్లాష్ వద్దు.

లీషు విషయంలో మొహమాటం పడొద్దు. పబ్లిక్ చోట ఎంత బుద్ధిమంతుడైనా లీషు తీయకండి. లీషుని సన్నగా, నిటారుగా పైకి పట్టుకుని తీసి, కుక్కని పక్కకి తప్పించి కెమెరా కదపకుండా అదే ఖాళీ చోటుని ఇంకో ఫొటో తీసుకుంటే తర్వాత లీషుని తేలిగ్గా చెరిపెయ్యొచ్చు.

ఎక్కడ ఏది

విజయవాడ ఘాట్ల వైపు, ముఖ్యంగా భవానీపురం దగ్గర పున్నమి ఘాట్ వైపు, చలికాలం సాయంత్రాలకే నా ఓటు. ఆ రోజుల్లో పొద్దు నైరుతికి దిగుతుంది, మనం ఉత్తరపు ఒడ్డున ఉంటాం కాబట్టి ఆ రంగంతా నీళ్ళ మీదే కనిపిస్తుంది. కుక్క మొహం ఆ వెలుగుకి ఎదురుగా ఉండదు కాబట్టి ఇక్కడ ఫ్లాష్ నిజంగా విలువైనది. ఆకాశానికి ఎక్స్‌పోజరు పెట్టుకుని, ఫ్లాష్‌కి లేత నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) తగిలించండి. ఫ్లాష్ రంగు మధ్యాహ్నపు ఎండలా తెల్లగా ఉంటుంది, జెల్ లేకపోతే సాయంత్రంలో కుక్క అతికించినట్టు కనిపిస్తుంది. స్నానాలకి, పూజలకి వచ్చే జనం ఉన్న టైములో మాత్రం పెద్ద కుక్కని అటు తీసుకెళ్ళకండి.

ధనుర్మాసపు పొద్దుల్లో కాలవ గట్ల మీద, గుంటూరు చుట్టుపక్కల చేలల్లో మంచు కమ్మి ఉన్నప్పుడు ఫ్లాష్ సంచీ విప్పనే వద్దు. మంచు బిందువుల మీద వెలుగు కొట్టి ఫొటో అంతా తెల్లటి తెర అయిపోతుంది. బాపట్ల దగ్గర సూర్యలంకకి వెళ్ళేవాళ్ళకీ అదే మాట. తెల్లవారగానే సముద్రం వైపు వీపు పెట్టి నిలబడితే కుక్క మీద నేరుగా నీరెండ పడుతుంది, కింద నుంచి తడి ఇసుక ఎలాగూ వెలుగిస్తుంది. ఉప్పు గాలికీ ఇసుకకీ ఫ్లాష్ బయటికి తీయకపోవడమే మంచిది.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్ళకి

ఫోన్ లైటు లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి కళ్ళు మండినట్టే వస్తాయి, దాన్ని ఆపెయ్యండి. రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ లెన్సు ఉంటే అది వాడండి. మామూలు లెన్సుతో దగ్గరికెళ్తే ముక్కు పెద్దదై చెవులు చిన్నవవుతాయి. నీడ అంచు, సన్‌బోర్డు పద్ధతి ఫోన్‌కి కూడా అచ్చంగా అలాగే పనిచేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పొడుగు బొచ్చు అంచుల్ని కత్తిరించేస్తుంది.

డబ్బు పెట్టే వరస

మొదట సన్‌బోర్డు, తెల్ల గుడ్డ. తర్వాత జంతువుల కన్ను పట్టుకునే ఆటోఫోకస్ ఉన్న కెమెరా బాడీ. సోనీ 2019లో దీన్ని తెచ్చింది, కానన్, నికాన్ 2020 నుంచి ఇస్తున్నాయి, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతున్నాయి. కదిలే కుక్కకి ఫ్లాష్ కంటే ఇదే ఎక్కువ ఫొటోలు కాపాడుతుంది. నల్ల మొహంలో నల్ల కన్ను మాత్రం మసక వెలుగులో దానికీ దొరకదు, అప్పుడు ఫ్లాష్‌లో ఉండే చిన్న దీపం వేసి ఉంచితే కాస్త పట్టుకుంటుంది. ఆ తర్వాతే 200 వాట్ సెకండ్ల ఫ్లాష్, మీ కెమెరా కంపెనీకి సరిపడే ట్రిగ్గరు, నారింజ జెల్. పెళ్ళి ఫొటోగ్రాఫర్లకి సామాను అద్దెకిచ్చే షాపులు మన రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. ముహూర్తాలు లేని ఆషాఢంలో, శూన్యమాసంలో వాళ్ళ దగ్గర ఫ్లాషులు ఖాళీగా ఉంటాయి, బేరం కూడా కుదురుతుంది. శని, ఆదివారాలకి ఒకటి తెచ్చి మీ కుక్క దాన్ని భరిస్తుందో లేదో, మీకు దొరికే టైములో అది సరిపోతుందో లేదో చూసుకుని, ఆ తర్వాత కొనండి. బ్యాటరీలని మాత్రం ఎండలో నిలిపిన కారులో వదిలి వెళ్ళకండి.